పాత కార్ల ఎక్స్‌పాన్షన్ ట్యాంకు: అరుగుదల, మరమ్మతు, మార్పిడి

ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం వేడికి ఉబ్బినప్పుడు ఆ పెరిగిన పరిమాణానికి చోటిచ్చి, ఇంజన్ చల్లారాక దాన్ని తిరిగి అప్పగించే పాత్ర ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. మన గ్యారేజీల్లో కూలెంట్ డబ్బా, కూలెంట్ బాటిల్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. కారులోని చవకైన భాగాల్లో ఇదొకటి. ఇది పగిలిన సంగతి గమనించకపోతే పోయేది మాత్రం సిలిండర్ హెడ్. పాత కార్లను ముచ్చటపడి నడిపేవాళ్లు కార్బురేటరుకూ క్రోమ్ బంపరుకూ ఇచ్చే శ్రద్ధలో పదో వంతు కూడా దీనికి ఇవ్వరు. ఇచ్చినవాళ్లు సైతం డబ్బాలో పీడనం ఉంటుందా, ఉండదా అని చూసుకోకుండానే బాగుచేయడానికి పూనుకుంటారు. నిజానికి మరమ్మతు పద్ధతి, వాడవలసిన పదార్థం, అసలు మరమ్మతు చేయవచ్చా లేదా అన్నదీ ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటాయి.

పనిచేసే తీరు

20 డిగ్రీల సెల్సియస్ నుంచి 90 డిగ్రీలకు వేడెక్కేసరికి నీటి పరిమాణం సుమారు మూడున్నర శాతం పెరుగుతుంది. 8 లీటర్లు పట్టే వ్యవస్థలో అది పావు లీటరుకు పైమాటే. ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ ఇంకొంచెం ఎక్కువగానే ఉబ్బుతుంది. ఆ పెరిగినదాన్ని వదిలేస్తే రోడ్డు పాలవుతుంది, చల్లారాక దాని స్థానంలోకి గాలి చేరుతుంది. పదేపదే గాలి చేరితే లోపల తుప్పు మొదలవుతుంది.

పీడనం సంగతి చూసుకునేది మూత. అందులో రెండు కవాటాలుంటాయి. స్ప్రింగు బలానికి మించి పీడనం పెరిగితే పెద్దది తెరుచుకుని ద్రవాన్ని బయటికి వదులుతుంది. ఇంజన్ చల్లారి లోపల శూన్యం ఏర్పడినప్పుడు నడిమి చిన్న కవాటం తెరుచుకుని ద్రవాన్నో గాలినో లోపలికి తీసుకుంటుంది. మామూలు గాలి పీడనంలో 100 డిగ్రీలకు మరిగే నీళ్లు, చదరపు అంగుళానికి 7 పౌండ్ల మూత బిగిస్తే 111 డిగ్రీల దాకా, 1 బార్ మూత బిగిస్తే 120 డిగ్రీల దాకా మరగవు. ఈ లాభానికి మూల్యం ట్యాంకు గోడలు చెల్లిస్తాయి. 1 బార్ పీడనంలో 10 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న గోడ మీద సుమారు 100 కిలోల బరువు పడుతుంది. ఇంజన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఈ భారం పడుతూ, తొలగుతూ ఉంటుంది.

ఇందులో మూడు రకాల పాత్రలు కనిపిస్తాయి. రేడియేటరు మీదే పీడనం మూత ఉండి, దాని పొంగు గొట్టం ఒక సీసాలోకి దిగితే అది రిజర్వు బాటిల్. అందులో పీడనం ఉండదు. పీడనం మూత ట్యాంకు మీదే ఉంటే అది అసలైన ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. వ్యవస్థలోని పీడనమంతా దాని గోడల మీదా పడుతుంది. మూడోది హెడర్ ట్యాంకు. రేడియేటరు పైభాగాన్ని విడదీసి ఎత్తులో పెట్టినట్టుండే లోహపు పాత్ర ఇది. జాగ్వార్ ఈ-టైప్ దీనికి పేరున్న ఉదాహరణ. బానెట్ మరీ పల్లంగా ఉండటంతో రేడియేటరుకు తగినంత ఎత్తు దొరకక, వేరుగా హెడర్ ట్యాంకు పెట్టారు.

కొంత చరిత్ర

ఫోర్డ్ మోడల్ టి లాంటి తొలినాటి కార్లలో వేడి నీళ్లు పైకి, చల్లని నీళ్లు కిందికి వాటంతట అవే తిరిగేవి. ఉబ్బిన నీరు, ఆవిరి గొట్టంలోంచి బయటికి పోయేవి. డ్రైవరు నీళ్ల డబ్బా వెంట పెట్టుకునేవాడు. పీడనం మూతలు వచ్చాక మరుగుడు తగ్గింది కానీ, పొంగిన నీరు రోడ్డు మీద పోవడం చాలాకాలం ఆగలేదు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన మన అంబాసడర్ పాత మోడళ్లదీ ఇదే తీరు: మూత రేడియేటరు మీద, పొంగు గొట్టం నేల వైపు.

1961లో వచ్చిన రెనో 4 ఈ అలవాటు మార్చిన కార్లలో ముఖ్యమైనది. మూసిన శీతలీకరణ వ్యవస్థ, దానికి అనుబంధంగా ఒక సీసా. యజమాని నీళ్లు పోసే పనే ఉండదని కంపెనీ ప్రచారం చేసుకుంది. అమెరికాలో అదే దశాబ్దంలో చాలా కార్వెట్‌లకు హారిసన్ తయారు చేసిన అల్యూమినియం ట్యాంకులు అమర్చారు. వాటి మీద తయారీదారు పేరూ తేదీ సంకేతమూ కొట్టి ఉంటాయి. ఆ తేదీ కారు తయారైన తేదీకి సరిపోతుందా లేదా అన్నది ఇప్పుడు కార్వెట్ పోటీల్లో న్యాయనిర్ణేతలు చూసే అంశాల్లో ఒకటి. ఎంజీబీకి మాత్రం నాలుగు సిలిండర్ల రకంలో 1977 మోడల్ నుంచే, రేడియేటరును ముందుకు జరిపి విద్యుత్ ఫ్యాన్లు పెట్టినప్పుడు, మూసిన వ్యవస్థా ట్యాంకూ వచ్చాయి.

ట్యాంకులో నీటి మట్టం ఎంత ప్రాణావసరమో చెప్పడానికి ట్రయంఫ్ స్టాగ్‌ను మించిన కారు లేదు. 1970 నుంచి 1977 వరకు తయారైన ఈ కారు వీ8 ఇంజన్‌లో వాటర్ పంపు రెండు సిలిండర్ వరసల మధ్య బాగా ఎత్తులో ఉంటుంది. మట్టం కొద్దిగా తగ్గినా పంపుకు నీరు అందదు, గాలిని చిలుకుతుంది. అల్యూమినియం హెడ్లు వంగిపోయిన స్టాగ్‌ల కథలు ఇంగ్లండులో కోకొల్లలు. ఆ అపకీర్తికి వేరే కారణాలూ ఉన్నాయి కానీ, స్టాగ్ యజమాని రోజూ డబ్బా చూసుకోవడం మాత్రం చాదస్తం కాదు.

1970ల నుంచి పాలరంగు ప్లాస్టిక్ ట్యాంకు మామూలైంది. వోల్వో 240, రెండో తరం గోల్ఫ్, మెర్సిడెస్ డబ్ల్యూ 123 అన్నింటిలో అదే. మూత తీయకుండానే మట్టం కనిపించడం దాని పెద్ద సుగుణం. మెర్సిడెస్ మూతల మీద 100, 120, 140 అని అంకెలుంటాయి, అవి 1.0, 1.2, 1.4 బార్‌లకు గుర్తు. 1995 నుంచి పుణెలో బిగించిన డబ్ల్యూ 124 ద్వారా ఈ రకం ట్యాంకు మన మెకానిక్‌లకు బాగా పరిచయమైంది. 1983లో మొదలైన మారుతి 800లో ఉన్నది రిజర్వు బాటిల్. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి, బాగుచేసేటప్పుడు మాత్రం వాటి దారులు వేరు.

ఎందుకు చెడిపోతుంది

ప్లాస్టిక్ ట్యాంకుల్లో ఎక్కువ భాగం పాలీప్రొపిలీన్, కొన్ని గాజుపోగు కలిపిన నైలాన్. పాలీప్రొపిలీన్‌ను వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి లోలోపల తినేస్తాయి. దాన్ని అడ్డుకోవడానికి కలిపిన రసాయనాలు ఏళ్ల తరబడి కరిగిపోయాక తెలుపు పసుపుకు, పసుపు గోధుమరంగుకు మారుతుంది. ఆ రంగు పైనంటిన మురికి కాదు కాబట్టి ఎంత తోమినా పోదు. గోడ వంగే గుణం పోయి పెళుసుబారుతుంది. మొదట చీలేది రెండు సగాలు కలిసే అతుకు, గొట్టం తగిలించే ముక్కు, మూత మరలున్న మెడ. బీఎండబ్ల్యూ ఈ 46లో ట్యాంకు పగలడం ఎంత మామూలంటే, దాన్ని కాలం చెల్లే భాగంగా లెక్కవేసి ముందే మార్చేస్తుంటారు. ఆ కారూ ఇప్పుడు పాత కార్ల వరసలో చేరుతోంది.

ఉక్కు ట్యాంకుకు తుప్పు శత్రువు. అందులోనూ ద్రవంలో మునిగి ఉన్న భాగం కన్నా, మట్టానికి పైన తడీ గాలీ కలిసే భాగమే ముందు పోతుంది. లోపల అలలు రాకుండా పెట్టిన అడ్డురేకులు తుప్పుపట్టి పెచ్చులుగా రాలి సన్నని గొట్టాలకు అడ్డం పడతాయి. ఇత్తడి ట్యాంకు గోడలు దాదాపు ఎన్నేళ్లైనా ఉంటాయి. చెడేది మాటు వేసిన అతుకులే. అల్యూమినియానికి పాతబడి శక్తి తగ్గిన కూలెంట్ పనికిరాదు, గుంటలు పడి చిల్లులవుతుంది.

మన ప్రాంతంలో ఇంకో కారణం కలుస్తుంది. ఇక్కడ నీళ్లు గడ్డకట్టవు కాబట్టి కూలెంట్ అనవసరమనీ, బోరు నీళ్లు చాలనీ చాలామంది నమ్ముతారు. కూలెంట్ పని గడ్డకట్టకుండా చూడటం ఒక్కటే కాదు. మరుగు స్థానం పెంచడం, తుప్పును ఆపడం అందులో ముఖ్యమైనవి. రామగుండం, రెంటచింతల ఎండల్లో తిరిగే బండికి ఈ రెండూ కావాలి. తెలంగాణ, రాయలసీమ బోరు నీళ్లలో సున్నపు లవణాలెక్కువ. అవి రేడియేటరు గొట్టాల్లో గారలా కడతాయి, ఇంజన్ వేడెక్కుతుంది, ఆ భారం చివరికి డబ్బా మీద పడుతుంది. దారిలో రేడియేటరు కారితే గుప్పెడు పసుపు పోసి ఇల్లు చేరడం పాత లారీ డ్రైవర్లకు తెలిసిన ఉపాయమే. ఆ పూటకు మంచిదే. అయితే ఆ ముద్ద ట్యాంకుకు వెళ్లే సన్నని గొట్టంలో చేరి గాలి దారిని మూసేస్తుంది కాబట్టి, ఇల్లు చేరాక మొత్తం కడిగించాలి.

ముందు పరీక్ష

డబ్బా చుట్టూ తీపి వాసన, అతుకు వెంట ఎండిన తెల్లని లేదా ఆకుపచ్చ చారలు, వారం వారం తగ్గే మట్టం ఉంటే డబ్బాను అనుమానించవచ్చు. నిర్ధారించేది చేతిపంపు పరీక్ష. చల్లని ఇంజన్ మీద మూత తీసి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న పీడనం దాకా పెంచి పది నిమిషాలు ముల్లు కదలకుండా ఉంటుందో లేదో చూస్తారు. మూతనూ విడిగా పరీక్షించాలి. స్ప్రింగు బలహీనపడిన మూత వల్ల పొంగిపోతున్న కారుకు కొత్త ట్యాంకు కొనిపించడం అరుదేమీ కాదు.

అంతకన్నా ముఖ్యం హెడ్ గ్యాస్కెట్. అది పోతే సిలిండర్లలోని మంట వాయువులు కూలెంట్‌లోకి దూరి, మూత తట్టుకోలేనంత పీడనం పుట్టిస్తాయి. నడుస్తున్న ఇంజన్ ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తున్నా, చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే గొట్టాలు బిర్రబిగిసినా ఇదే అనుమానించాలి. ట్యాంకు మెడ దగ్గరి గాలిని నీలిరంగు పరీక్ష ద్రవంలోంచి పీల్పిస్తే, మంట వాయువు ఉన్నప్పుడు అది పసుపుకు తిరుగుతుంది. పాత ట్యాంకు పగిలింది వయసు వల్లా, ఈ పీడనం వల్లా అని తేల్చకుండా కొత్తది బిగిస్తే అదీ నిలవదు. వేడి ఇంజన్ మీద మూత తిప్పకూడదని వేరే చెప్పాలా? చెప్పాలి. పీడనం పోయిన క్షణంలో 110 డిగ్రీల ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖాన పడుతుంది.

లోహపు ట్యాంకును బాగుచేయడం

ఇత్తడి, ఉక్కు ట్యాంకులను పారేయడం దాదాపు ఎప్పుడూ అనవసరం. పీడనం ఉన్నా సరే, లోహం చేవ ఉన్నంతవరకు అతుకు కొత్తగా వేయవచ్చు. రేడియేటర్లు బాగుచేసే చోటల్లా ఈ పని తెలిసినవాళ్లుంటారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీ రేడియేటర్లకు మాటు వేసే చేతులకు జాగ్వార్ హెడర్ ట్యాంకు కష్టమైన పని కాదు. చెప్పవలసిందల్లా పాత ముక్కు కోణాలు, బిగింపు చెవుల స్థానాలు మారకూడదని. అందుకే విప్పేముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోవాలి.

ఉక్కు ట్యాంకు లోపలి తుప్పుకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల చొప్పున కలిపి ఒక రాత్రి ఉంచి, వంపేసి, వంట సోడా నీటితో పులుపు విరిచి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టాలి. ఆలస్యమైతే గంటలోనే ఎర్రని కొత్త తుప్పు పొర కనిపిస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం త్వరగా పనిచేస్తుంది కానీ ఇత్తడిలోని జింకును లాగేసి లోహాన్ని గుల్ల చేస్తుంది. కాస్టిక్ సోడాను అల్యూమినియం దరిదాపులకు రానివ్వకూడదు. ఇత్తడికి బయట మెరుపు కావాలంటే మన వంటింటి చింతపండే నమ్మదగింది.

చిల్లు సూదిమొనంత ఉంటే మాటు వేస్తారు. చుట్టూ రేకు కాగితంలా పలచబడి ఉంటే ఆ ముక్కను కోసి కొత్త రేకు అతకాలి. పలచని రేకు మీద మాటు వేస్తే పక్కనే మరో చిల్లు తెరుచుకుంటుంది. తర్వాత గొట్టాల ముక్కులు బిగించి, సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టు నీళ్ల తొట్టిలో ముంచి గాలి ఎక్కించి బుడగలు చూస్తారు. ఆ గాలి మూత పీడనానికి కొంచెం మాత్రమే మించాలి. టైర్ల కంప్రెసరును నేరుగా తగిలిస్తే బాగుచేసిన ట్యాంకు కాస్తా ఉబ్బి బల్లపరుపు గోడలు గుండ్రమవుతాయి.

రంగు దగ్గర ఒక ఉచ్చు ఉంది. పౌడర్ కోటింగ్ గట్టిదనీ అందంగా ఉంటుందనీ చాలామంది ట్యాంకును ఆ దుకాణానికి పంపుతారు. ఆ పొడిని 180 నుంచి 200 డిగ్రీల పొయ్యిలో కాలుస్తారు. తగరం, సీసం కలిపిన మాటు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. పొయ్యిలోంచి వచ్చేసరికి రంగు అద్భుతంగా, అతుకులు ఊడిపోయి ఉంటాయి. మాటు వేసిన ట్యాంకుకు వేడి తట్టుకునే మామూలు నల్ల పెయింటే సరైనది; చాలా బ్రిటిష్ కార్లకు ఫ్యాక్టరీ వేసింది కూడా నలుపే. లోపల పూసే ఎపాక్సీ పూతల విషయంలో, వేడి గ్లైకాల్‌ను తట్టుకుంటుందని తయారీదారు స్పష్టంగా రాసి ఉంటేనే ముందుకు వెళ్లాలి. పెట్రోల్ ట్యాంకుల కోసం చేసిన పూత పొరలుగా ఊడి రేడియేటరును మూసేస్తుంది.

ప్లాస్టిక్ ట్యాంకు సంగతి

పీడనం లేని రిజర్వు బాటిల్‌ను ఎలా బాగుచేసినా ఫరవాలేదు. కారితే కొంత ద్రవం పోతుంది, అంతే. లోపలి జిడ్డుకు సబ్బు నీళ్లూ గుప్పెడు బియ్యమూ వేసి గిలకొడితే చాలావరకు వదులుతుంది. పగులుకు ప్లాస్టిక్ వెల్డింగ్ చేయవచ్చు, కాకపోతే గోడలో ఉన్న పదార్థపు కడ్డీనే వాడాలి. అడుగున పీపీ అనో పీఏ 66 అనో ముద్ర ఉంటుంది. ముద్ర చెరిగిపోతే చిన్న తురుము గీకి నీళ్లలో వేయాలి: పాలీప్రొపిలీన్ తేలుతుంది, నైలాన్ మునుగుతుంది. ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్దలు పాలీప్రొపిలీన్‌ను పట్టుకోవు. ఎండాక గోరుతో తీస్తే బిళ్లగా లేచి వస్తాయి.

పీడనం ఉన్న ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే మార్చాలి. వెల్డింగ్ బాగా కుదిరినా లాభం లేదు, ఎందుకంటే పగులు ఒకచోట కనిపించేసరికి మిగతా గోడంతా అదే వయసుకు, అదే పెళుసుకు చేరి ఉంటుంది. అతికిన చోటు పక్కనే వచ్చే నెల చీలుతుంది. ఊరికి దూరంగా చిక్కుకున్నప్పుడు మూత ఒక మెట్టు వదులు చేసి, పీడనం లేకుండా, నెమ్మదిగా, మట్టం చూసుకుంటూ ఇల్లు చేరడానికి తప్ప ఆ అతుకును నమ్మకూడదు.

కొత్తది ఎంచుకోవడంలో ధర కన్నా తయారీ తేదీ ముఖ్యం. ఏళ్ల కిందటి డబ్బా, వాడకపోయినా, గోడౌన్ వేడిలో కొంత వయసు పోసుకునే ఉంటుంది. అసలు కంపెనీ ముద్ర ఉన్న ముప్పై ఏళ్ల సరుకు కన్నా నిరుడు పోత పోసిన నమ్మకమైన నకలు మేలు కావచ్చు. అల్యూమినియంతో చేయించుకునేవాళ్లూ ఉన్నారు. గట్టిదే, కానీ గోడలోంచి మట్టం కనిపించదు, పక్కన ఒక పారదర్శక గొట్టం పెట్టించుకోవాలి. త్రీడీ ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, ఈ పనికి పనికిరాదు. మూత విషయంలో ఆశకు పోకూడదు. 7 పౌండ్ల మూత ఉన్న కారుకు 15 పౌండ్లది పెడితే మరుగుడు తగ్గుతుంది నిజమే. రేడియేటరు, హీటరు, గొట్టాలు మాత్రం 7 పౌండ్లకు చేసినవే.

అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యురిన్ చార్టర్ సాధ్యమైనంత వరకు పాత భాగాన్ని కాపాడమని, మార్చినదాన్ని గుర్తుపట్టేలా ఉంచమని చెబుతుంది. హారిసన్ ముద్ర ఉన్న అల్యూమినియం ట్యాంకుకు ఈ సూత్రం చక్కగా పొసగుతుంది. పెళుసుబారిన ప్లాస్టిక్‌కు పొసగదు. అలాంటిదాన్ని అటక మీద దాచి, కారుకు కొత్తది బిగించడమే వివేకం.

బిగింపు, నింపడం

పాత గొట్టాన్ని మెలితిప్పి లాగితే ముక్కు విరుగుతుంది. ఎలాగూ కొత్తది వేస్తారు కాబట్టి బ్లేడుతో నిలువునా కోసి తీయడం మంచిది. ప్లాస్టిక్ ముక్కు మీద మరల క్లిప్పును బలమంతా పెట్టి బిగిస్తే మళ్లీ అదే పగులు. వేడికి తానే సర్దుకునే స్ప్రింగు క్లిప్పు మేలు. పీడనం ఉన్న ట్యాంకు సాధారణంగా వ్యవస్థలో అన్నిటికన్నా ఎత్తున ఉంటుంది, లేకపోతే గాలి చేరవలసిన చోటికి చేరదు. రిజర్వు బాటిల్ కిందున్నా ఫరవాలేదు, కానీ దాని గొట్టం కొస ఎప్పుడూ ద్రవంలో మునిగి ఉండాలి. లేకపోతే చల్లారేటప్పుడు కూలెంట్‌కు బదులు గాలిని పీలుస్తుంది. మట్టం చెప్పే సెన్సరు ఉన్న కార్లలో దాని రబ్బరు వాషరు కూడా మార్చాలి.

నింపేటప్పుడు హీటరు పూర్తిగా తెరిచి, ముందు చక్రాలు ఎత్తున ఉండేలా నిలబెట్టి, గాలి తీసే మర ఉంటే వదులు చేసి, సన్నని ధారగా పోయాలి. థర్మోస్టాట్ చాలా కార్లలో 82, 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అది తెరుచుకున్నాక మట్టం ఒక్కసారిగా పడిపోతే కంగారు అక్కరలేదు, గాలి బయటికి వచ్చిందన్నమాట. చివరి లెక్క ఇంజన్ పూర్తిగా చల్లారాకే చూసుకోవాలి. డిస్టిల్డ్ నీరు సగం, గ్లైకాల్ సగం మామూలు పాళ్లు. సీసపు మాటు ఉన్న రేడియేటర్లకు పాత తరహా సిలికేట్ కూలెంట్‌నే ఎక్కువమంది ఎంచుకుంటారు. రంగు చూసి రెండు రకాలను కలపకూడదు, రంగులకు అన్ని కంపెనీలూ పాటించే నియమం లేదు. మొదటి కొన్ని ప్రయాణాల తర్వాత మట్టమూ క్లిప్పులూ మళ్లీ చూడాలి.

తీసిన కూలెంట్‌ను మురుగు కాలువలో పారబోయకూడదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్ది మోతాదుకే మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతాయి. మూత ఉన్న క్యాన్‌లో పట్టి, విషమని రాసి, పిల్లలకు అందని చోట ఉంచి, వాడిన ఆయిల్ సేకరించేవాళ్లు తీసుకుంటారేమో కనుక్కుని అప్పగించాలి, కానీ ఆయిల్‌తో కలపకూడదు.